పొగ రాని బంగళా

పొద్దున లేవగానే కిష్టవ్వ ముఖం కడుక్కుని, వాకిట్లో నిలబడి సూర్యుడికి దండం పెట్టేది. పెట్టిన చేతులు దించకముందే ఇండ్ల కప్పుల వైపు తిరిగేది. హుస్నాబాద్‌లో ఆ సాలెవాడ ఇండ్లన్నీ గూన పెంకులవే. పొయ్యి ముట్టిస్తే పెంకుల సందుల్లోంచి పొగ సన్నగా పైకి లేచేది. దేవుడికి వేసిన ధూపంలాగే ఉంటుంది కదా అనుకుంటూ ఆమె ఒక్కొక్క ఇంటి పొగనూ కళ్లతో పలకరించేది. ఎవరి కప్పు మీదైనా పొగ కనిపించకపోతే ముందు వాళ్ల తలుపు తట్టి వచ్చి, ఆ తర్వాతే తన పొయ్యి ముట్టించుకునేది.

జ్వరమంటే కషాయం కాచి తెచ్చేది. బియ్యం నిండుకున్నాయని వాళ్లు చెప్పకపోయినా ఆమెకు తెలిసిపోయేది. కొంగు చాటున గిన్నె తెచ్చి, "ఎక్కువ వండిన బిడ్డా, పాడైతయి" అని పెట్టిపోయేది. ఆలుమగలు కొట్లాడుకుని పొయ్యి ముట్టించలేదంటే మాత్రం ఇద్దరినీ చెరో మాట అని, వాళ్లు నవ్వేదాకా గడప దిగేది కాదు.

"గీ పెద్దమ్మ ఉండంగ ఒక్కపొద్దు గూడ ఉండనియ్యది" అని పక్కింటి పర్శరాములు ఎకసెక్కాలాడేవాడు.

"ఒక్కపొద్దైతే ముందుగాల చెప్పాలె గదరా. పొగ రాకుంటే నాకేం ఎరుక?" అనేది కిష్టవ్వ.

ఆమె భర్త అంతయ్య ఊరికి గత్తర జబ్బు, కలరా, సోకిన ఏడు పోయాడు. పిల్లలు లేరు. పర్శరాములు మగ్గానికి నూలు కండెలు చుట్టి బతికేది. పెట్టడమే కానీ అడగడం ఆమెకు చేతకాదు. ఉప్పు అయిపోయినా చప్పిడి తినేదే తప్ప చెయ్యి చాచేది కాదు.

ఆమె ఇంటికి ఒక పక్క పర్శరాములు, అతని భార్య అనసూర్య ఉండేవారు. రెండో పక్క, ఒకే గోడకు అవతల, గాజుల దుకాణం ఫజలుద్దీన్, అతని భార్య ఉమ్రావ్ బేగం. ఫజలుద్దీన్ సరుకు కోసం కరీంనగర్ వెళ్లినప్పుడు, బస్‌స్టాండులో అట్ట మీద పెద్ద తాళం వేసిన గేటు బొమ్మ చూసి ఒక డిటెక్టివ్ నవల కొనుక్కొచ్చాడు. బేగంకు కథలంటే ప్రాణం. ఫజలుద్దీన్‌కు చదువు రాదు; తెచ్చాక తెలిసింది, అది తెలుగు పుస్తకమని.

"మాట్లాడొస్తది గని అచ్చరాలు రావు నాకు. నువ్వు సదువు, నేను ఇంట" అని బేగం దాన్ని అనసూర్య చేతిలో పెట్టింది. అనసూర్య ఐదో తరగతి దాకా చదువుకుంది.

అట్లా మధ్యాహ్నం అన్నాలయ్యాక కిష్టవ్వ ఇంట్లో చదువు మొదలైంది. బేగం వీధిలోకి కనపడకుండా తలుపు చాటున కూర్చునేది. కిష్టవ్వ రాట్నం తిప్పుతూ వినేది. పర్శరాములు పక్కింట్లో తన మగ్గం గుంటలోంచే కిటికీ వైపు చెవి పెట్టి ఉండేవాడు.

ఆ కథ హైదరాబాద్ అవతల కొత్తగా కట్టిన ఒక కాలనీలో జరుగుతుంది. అన్నీ బంగళాలే. ఒక్కోదాని చుట్టూ ఇద్దరు మనుషులెత్తు గోడ, గోడకో గేటు. మొగుడు ఊరెళ్లిన వేళ, పదకొండో నంబర్ బంగళాలో ఉండే ఇల్లాలు కనిపించకుండా పోతుంది. గేటు ముందు పేపర్లు కుప్ప పడతాయి. అయినా ఎవరూ అడగరు. అక్కడే కిష్టవ్వ రాట్నం ఆగిపోయింది.

"ఆగు బిడ్డా. పక్కింటోళ్లకు ఎరుక గాలేదా?"

"గాలేదు పెద్దమ్మా."

"పొయ్యి పొగ రాకపోతే గూడనా?"

"ఆడ గాసునూనె స్టవ్వులట. పొగ రాదు."

పొగ రాని ఊరు. ఎవరు తిన్నదీ, ఎవరు పస్తున్నదీ కప్పును చూసి చెప్పలేని ఊరు. అలాంటి చోట మనుషులు పొద్దున లేచి దేన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారో కిష్టవ్వ ఊహకు అందలేదు.

"ఝూట్ ముచ్చట, అంత అబద్దం" అంది బేగం. "నేను దగ్గితె గోడకు గీ పక్కనుంచి అవ్వ 'ఏమైందే' అంటది. ఎవలు గాని గట్ల ఉంటరా?"

"సదువు, సదువు. మొగడే చంపిండు. మూతి సూస్తెనే ఎరుకైతలేదా?" అన్నాడు కిటికీలోంచి పర్శరాములు.

"మూతి నీకేడ కనపడ్డదయ్యా?" అంది అనసూర్య. "మగ్గం ఆడియ్యి."

మరునాడు మొగుడు మంచివాడని తేలింది. పర్శరాములు పాలవాడిని పట్టుకున్నాడు. పాలవాడి తప్పు కూడా లేదని తేలింది. ఆ తర్వాత డాక్టరు, డాక్టరు తర్వాత తోటమాలి. రోజుకొకరిని ఉరి తీసి, తెల్లారి మళ్లీ దింపుతున్నాడని ఆడవాళ్లు నవ్వుకునేవారు. పక్క బంగళా ఆమె ఒక్కతే ఆ కథలో మంచిది. గోడ మీదుగా పూలు అందుకుంటూ పలకరించేది, పోలీసులకు చాయ పోసేది. కిష్టవ్వ ఆమెను తన మనిషిగా చూసుకుంది.

చదవడం ఆగినా కిష్టవ్వకు కథ ఆగేది కాదు. దీపం పెట్టేటప్పుడు, "తండ్రీ, గా బంగళా తల్లిని గూడ సూడు" అని దేవుడికి చెప్పుకునేది. అది ఎవరో రాసిన కథని ఆమెకు తెలుసు. తెలిసినా చెప్పుకునేది. ఎక్కడో కూర్చుని ఒక మనిషి నల్లటి అక్షరాలు రాస్తే, ఇక్కడ కండెలు చుట్టుకునే తన గుండె దడదడలాడుతోంది కదా. ఆ విద్య ఇచ్చిన దేవుడు అక్షరాల్లోని మనిషిని చూడడా అనిపించేది.

ఇక చివరి భాగం మిగిలింది. అది చదవాల్సిన రోజు పొద్దున కిష్టవ్వకు లేవబుద్ధి కాలేదు. ఒళ్లంతా పెనంలా కాలిపోతోంది. కాళ్లు కింద పెడితే నిలబడలేకపోయింది. మళ్లీ మంచం మీదికి ఒరిగింది.

వాడ మేలుకుంది. వాకిళ్లలో పేడనీళ్ల చాపి చల్లిన చప్పుడు, తలుపులు తీసిన చప్పుడు, మగ్గాల చప్పుడు. అన్నీ వినిపిస్తున్నాయి. ఎవరైనా వస్తారని ఎదురుచూసింది. పిలుద్దామంటే, నాకోసం రమ్మని ఎవరినైనా ఎట్లా పిలవడం అనే బిడియం అడ్డొచ్చింది.

పెరటి గోడ అవతల బేగం గొంతు వినిపించింది. "అవ్వ ఇయ్యాల కనబడలే?"

"శనివారం గద, గుడికి పోయినట్టుంది" అని తన పెరట్లోంచి అనసూర్య జవాబు.

వాళ్ల తప్పేమీ లేదు. వాడలో పొగ చూసేది కిష్టవ్వ. చూసే మనిషి కప్పును ఎవరూ చూడరు. కళ్లు మూసుకుంటే తాళం వేసిన ఆ గేటు కనిపించింది. గేటు వెనక మంచం మీద ఉన్నది తనేనేమో అనిపించింది. "తండ్రీ, నిన్న నీకు చెప్పుకున్న తల్లి వేరు, ఇయ్యాల నేను" అనుకుని పడుకుంది.

మధ్యాహ్నం అనసూర్య పుస్తకం పట్టుకుని వచ్చింది. తలుపు నెడితే లోపల గడియ వేసి ఉంది. పిలిచింది. పలకలేదు. అనసూర్య తల ఎత్తి కప్పు వైపు చూసింది. పొద్దటి నుంచి అక్కడ పొగ లేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఒక్క కేక వేసేసరికి పర్శరాములు మగ్గం గుంటలోంచి ఎగిరి వచ్చాడు. కానీ అతనికంటే ముందే ఉమ్రావ్ బేగం, పరదా సంగతి మరిచి, పెరటి గోడ దూకి, గడియ లేని వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లింది.

బేగం తడిగుడ్డ నుదుట వేసింది. అనసూర్య గంజి కాచి తాగించింది. పర్శరాములు వైద్యుడిని పిలుచుకొచ్చి మందు ఇప్పించి, గడప బయట తల వంచుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి జ్వరం జారింది. కిష్టవ్వ కళ్లు తెరిచి మొదట అడిగిన మాట, "గా బంగళా తల్లి బతికిందా?"

అనసూర్య ఏడుస్తూ నవ్వింది. మంచం పక్కన కూర్చుని చివరి భాగం చదివింది. ఇల్లాలు బతికే ఉంది. ఆమెను ఆ బంగళా వెనక గదిలోనే పెట్టి తాళం వేసింది ఎవరో కాదు, పక్క బంగళా ఆమె. ఆస్తి కాగితాల కోసం అంత పని చేసింది.

"థూ. పూలు తెంపుకునే ఆమెనా?" అన్నాడు పర్శరాములు. "ఒక్కనాడు గూడ నాకు అనుమానం రాలే. పట్టుకున్నోళ్లందరు మంచోళ్లే. గిట్ల మోసం చేస్తడా రాసినాయన?"

"పక్కపొంటి ఉండే పడోసి గట్ల చేస్తదా? నేనైతె నమ్మ" అంది బేగం.

అనసూర్య మాత్రం మొదటి పేజీకి తిరగేసింది. "ఈడనే చెప్పిండు. పక్క బంగళా ఆమె గోడ మీదికెల్లి పూలు అందుకుంటది. గోడేమో ఇద్దరు మనుషులెత్తు. నిచ్చెన ఎక్కి రోజూ లోపలికి సూస్తదన్నట్టే గద. మనమే ఇనలే."

కిష్టవ్వ మెల్లగా లేచి కూర్చుంది. ఆ పేజీ మీద, పూజలో పటాన్ని తాకినట్టు, చెయ్యి పెట్టింది.

"మన కండ్ల ముందటనే పెట్టిండు. పెట్టి, మనకు కానరాకుంట చేసిండు. ఎంత తెలివి ఇచ్చిండు బిడ్డా దేవుడు గా మనిషికి."

అనసూర్య చూపు ఒకసారి కప్పు వైపు వెళ్లి కిందికి దిగింది. "పెద్దమ్మా, మాకు గూడ నీ కప్పు కానరాలే..." అంది.

"మీరేం చేస్తరు? సూసేది నేనే అనుకున్నరు. నేను గూడ గట్లనే అనుకున్న."

అందరూ లేచారు. బేగం వెనక తలుపు దాకా వెళ్లింది. కిష్టవ్వ పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ ఏమీ అడిగి ఎరగదు. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"బేగమ్మా, నువ్వు తెల్లారకముందే నమాజ్‌కు లేస్తవు గద."

"లేస్త అవ్వా."

"లేచి, నీ పని చేసుకున్నంక... జర నా కప్పు దిక్కు గూడ ఒక్కసారి సూస్తవా?"