గంగాళంలో యుద్ధనౌక

దయ్యాలు, శకునాలు నేనెప్పుడూ నమ్మలేదు. పిల్లి ఎదురొచ్చిందని మా అమ్మ గడప దాటకుండా వెనక్కి వస్తే నాకు సిగ్గేసేది. ఇప్పుడు రాస్తున్నది మాత్రం అమ్మ సంగతి కాదు, నా సంగతి. అందుకే ఇంకా ఎక్కువ సిగ్గుగా ఉంది.

మాది బోధన్. బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, అన్న నేవీలో. సెలవుకు వస్తూ అన్న బొంబాయి నుంచి ఒక పెట్టె తెచ్చాడు. అందులోని ప్లాస్టిక్ ముక్కలన్నీ అతికిస్తే జానెడు పొడవు యుద్ధనౌక అవుతుంది. అతను వెళ్లాక నేనే అతికించాను. అగ్గిపుల్ల కొసతో జిగురు రాసి, సూదుల్లాంటి ఫిరంగులు నిలబెట్టాను. బూడిదరంగు వేశాను.

బాపు దాన్ని ముందుగదిలో అద్దాల అల్మారాలో పెట్టాడు. వాడకట్టు వాళ్లంతా వచ్చి చూసేవారు. అది వేరే దేశపు ఓడ. అమ్మ మాత్రం "మా పెద్దోడు ఉండేది గిండ్లనే" అని అందరికీ చూపేది.

డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చింది. ఒక మధ్యాహ్నం, మన ఓడ ఒకటి మునిగిందని మా రేడియోలో విన్నాం. అన్న దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. గది నిండా జనం. అమ్మ ముఖం చూడలేక పక్కింటి ఫాతిమా ఖాలా నాతో అంది:

"గీ ఓడను నీళ్లల్ల ఏసి సూపియ్యి బిడ్డా. తేలితే మీ అవ్వ దిల్ జర కుదుటపడ్తది."

అమ్మ వెంటనే గంగాళం నిండా నీళ్లు తెచ్చింది.

అది తేలే బొమ్మ కాదు. అడుగంతా బోలు, బరువంతా పైన. కట్టినదాన్ని కాబట్టి నాకు తెలుసు. అమ్మ కళ్లముందే బోర్లా పడుతుంది. చెప్పాలి. కానీ అంతమంది నా వైపే చూస్తుంటే ఓణీ అంచు నలుపుతూ నిలబడిపోయాను.

"సదువుకున్నోళ్లకు నోరుండదా ఏందే?" అని వెనక ఎవరో నవ్వారు. నేను తల దించుకున్నాను.

అమ్మ రెండు చేతులతో ఓడను నీళ్లలో వదిలింది. వదలగానే పక్కకు ఒరిగింది. పైఅంచు నీటికి తగిలింది. అక్కడే ఆగింది. తర్వాత, అడుగు నుంచి ఎవరో వేలు పెట్టి ఎత్తినట్టు మెల్లగా లేచి నిటారుగా నిలబడింది. నీళ్లలో ఎవరి చేయీ లేదు.

"సూసిండ్రా! నా కొడుకు మంచిగున్నడు" అని అమ్మ ఏడ్చింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అదే గంగాళంలో మళ్లీ వదిలాను. వెంటనే బోర్లా పడింది. ఎన్నిసార్లు వదిలినా అంతే. ఓణీతో తుడిచి, దొంగలా అల్మారాలో పెట్టేశాను. రోజూ డైరీ రాసేదాన్ని, ఆ రోజు ఒక్క ముక్కా రాయలేకపోయాను.

యుద్ధం ముగిశాక అన్న వచ్చాడు. మునిగిన ఓడ అతనిది కాదు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందని అడిగితే, తలుచుకునేంత విశేషమేమీ లేదన్నాడు. అమ్మ గంగాళం సంగతి చెబితే పకపకా నవ్వాడు.

"అవ్వా, గిది నీళ్లల్ల నిలవడదే! ఆగు, సూపిస్త" అంటూ ఓడను బయటికి తీశాడు.

బాపు, ఖాలా, అన్న స్నేహితులు, అందరూ చూస్తుండగానే ఉరికి వెళ్లి అతని చేతిలోంచి లాక్కున్నాను. ఒక ఫిరంగి విరిగి కింద పడింది.

"నువ్వు గూడ అవ్వ లెక్కనే అయితివా?" అన్నాడు అన్న.

విరిగిన ఫిరంగిని వంగి ఏరుకున్నాను. ఆనాడు దాన్ని నిలబెట్టిందేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. అన్న మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు. అల్మారాకు నేనే తాళం వేశాను.