తాతయ్య పట్టుకున్న కళ్లెం

నా చిన్నప్పుడు మా తాతయ్య ఒక గుర్రం విషయంలో ఎటూ తేల్చుకోలేక ఇంటిల్లిపాదినీ అయోమయంలో పడేశాడు. ఆయన ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి జట్కా తోలేవాడు. ఆ మగగుర్రానికి పొగరెక్కువ. దారిలో ఆడగుర్రం కనపడిందంటే చాలు, బండీ, బండిలో మనుషులూ, తాతయ్యా ఎవరూ గుర్తుండేవారు కాదు. ఒకరోజు కాలవ గట్టు మీద అలాగే పక్కకు లాగేసింది. ఒక చక్రం గట్టు దిగిపోయింది. ఆ బండిలో నేనూ ఉన్నాను.

దాని విత్తులు తీయించేయమని, మనవరాలు కాలవలో పడ్డాక ఏడ్చి లాభం లేదని ఆ సాయంత్రమే నాయనమ్మ తేల్చి చెప్పేసింది. తాతయ్య తలూపాడు. తెల్లారేసరికి మనసు మారింది. తీయించేయమన్న వాళ్లతో, నోరులేని జీవానికి అంత అన్యాయం ఎలా చెయ్యనని వాదించేవాడు. వద్దన్న వాళ్లతో, బండెక్కిన వాళ్ల ప్రాణాలకు ఎవరు పూచీ అని దెబ్బలాడేవాడు. ఇంతకీ ఆయన ఎటువైపో నాకు అంతుపట్టేది కాదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమంటే, లేచి నిలబడి గుర్రం సంగతి చెప్పేశాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. పాస్టరుగారు మాత్రం నవ్వకుండా ప్రార్థన చేశారు గానీ, దేవుణ్ణి ఏం అడగాలో ఆయనకూ తెలిసినట్టు లేదు. జవాబు వచ్చిందేమోనని వారమంతా నేను తాతయ్య మొహం చూస్తూనే ఉన్నాను.

చివరికి ఓ పొద్దున్న గుర్రాన్ని పశువుల ఆసుపత్రికి నడిపించుకెళ్లాడు. నేనూ వెంటపడ్డాను. ఆ పని జరిగేటప్పుడు యజమాని దానికి కనపడకూడదని, కనపడితే జన్మంతా పగబడుతుందని జట్కావాళ్ల నమ్మకం. అందుకే కళ్లెం ఇంకొకళ్లు పట్టుకుంటారు, యజమాని టీకొట్టు దగ్గర కూర్చుంటాడు. తోటివాళ్లు తాతయ్యనూ వెళ్లమన్నారు.

"చేయించేది నేను కదండీ. నన్నే చూడనివ్వండి," అని ఆయనే కళ్లెం పట్టుకుని, దాని నుదుటికి నుదురు ఆనించి నిలబడ్డాడు. నన్ను గేటు బయటే ఆపేశారు. నాకు ఆయన వీపు ఒక్కటే కనపడింది.

అన్నట్టుగానే గుర్రం ఆయనకు మొహం చాటేసింది. నాయనమ్మ ఉలవలు పెడితే తినేది, ఆయన పెడితే గోడ వైపు తిరిగేది. ఆయన పెట్టడం మానలేదు. చాన్నాళ్లకు ఆయన చేతిలో మూతి పెట్టింది. మళ్లీ బండి కట్టాక బుద్ధిగా నడిచేది, ఆడగుర్రం ఎదురొచ్చినా తలెత్తేది కాదు. అది చూస్తే నాకు ధైర్యంగానూ ఉండేది, ఏడుపూ వచ్చేది. ఎందుకో తెలిసేది కాదు. మంచి పనే చేశావా తాతయ్యా అని ఒకరోజు అడిగేశాను.

"తెలీదమ్మా," అన్నాడు. "తెలిసేదాకా ఆగుదామంటే, బండిలో నువ్వున్నావు."

పోయినేడాది మా ఆయనకు షుగరు ముదిరి, కాలు తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నారు. ఆయనకు స్పృహ లేదు. పిల్లలు తలో మాట అన్నారు. నాకూ ఏం తోచలేదు. ఆఖరికి తీసెయ్యమని నేనే చెప్పాను. ఆయన కళ్లు తెరిచే వేళకు నన్ను బయటికి వెళ్లమన్నారు పిల్లలు, మెల్లగా తామే చెప్తామని. నేను కదల్లేదు.

ఎవరు తియ్యమన్నారని అడిగారాయన.

"నేనేనండి," అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగిపోయారు. నేను గంజి గిన్నె పట్టుకుని అక్కడే కూర్చున్నాను.