బొట్టు పెట్టిన వీడియో గేమ్

ఎనభైల చివర్లో బంగారుపాళ్యం దగ్గర ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. చిత్తూరు నుంచి బస్సులో నిలబడి వచ్చి, ఏడో తరగతిలో మళ్ళీ నిలబడేదాన్ని. ఎంత అరిచినా ఒక్క మాటా పిల్లల బుర్రకెక్కేది కాదు. విసిగిపోయాను.

మా తమ్ముడు మద్రాసులో కొన్న వీడియో గేమ్ ఒకటి, వాడి పిల్లలకు మొహం మొత్తి మూలన పడి ఉండేది. దాన్ని సంచిలో వేసుకుని బడికి తెచ్చాను. ప్రభుత్వం ఇచ్చిన టీవీ ఆఫీసు గదిలో దుమ్ము కొట్టుకుపోతుంటే, క్లాసులో పెట్టించి దానికి తగిలించాను. తెర మీద ‘రెడీ’, ‘డేంజర్’, ‘ఎనిమీ’, ‘ఫ్యూయల్’ అని మాటలు పడేవి. మాట చదివి అర్థం చెప్పినవాళ్ళ చేతికే ఆట ఆడించే కడ్డీ ఇచ్చేదాన్ని. పిల్లలు దాన్ని గేరు అనేవాళ్ళు.

అందరికంటే ముందు అందుకున్నది ఒక పెద్దపిల్ల. ముందటేడు పరీక్ష తప్పి మళ్ళీ అదే తరగతిలో కూర్చుంది. ఈసారీ తప్పితే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పంపిస్తానని వాళ్ళ నాయన నాతోనే చెప్పాడు. ఆ పిల్ల గేరు పట్టుకుంటే వదిలేది కాదు, నేర్చుకున్న మాటనూ వదిలేది కాదు. ఆ పిల్లను చూశాక, చాలా ఏళ్ళకు మళ్ళీ నాకు క్లాసుకు వెళ్ళాలనిపించింది.

అంతలో ఆయుధపూజ వచ్చింది. హెడ్మాస్టరు అలిపిరి నుంచి నడిచి కొండెక్కే భక్తుడు. బడి గంటకూ, సైన్సు గదిలోని త్రాసుకూ చేసినట్టే నా వీడియో గేమ్ డబ్బాకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చాడు. నేనూ దండం పెట్టుకున్నాను. మర్నాడు నన్ను పిలిచి, “ఏమ్మా, పూజ చేసిన వస్తువు. పెద్దమనుషులైన ఆడపిల్లోళ్ళను ముట్టనీబాక,” అన్నాడు.

“అది ఆడుకునే వస్తువు సార్.”

“అట్లంటే ఎట్లమ్మా? గంటకు పెట్టిందీ ఆ బొట్టే గదా.”

వాదించే ఓపిక నాకు లేదు. క్లాసులో పెద్దమనిషైంది ఆ పెద్దపిల్లే. తలుపు మూసి తనను ఆడటానికి రమ్మన్నాను. తనే వెనక్కి జరిగింది.

“వద్దు టీచర్. బొట్టు పెట్టినారు, ఎట్ల ముట్టేది? ఈడ నుంచే చెప్తా.”

అప్పటినుంచి గోడకు ఆనుకుని కూర్చుని, తెర మీద పడ్డ ప్రతి మాటకూ అర్థం చెప్పేది. “ఫ్యూయల్ అంటే నూనెరా. అయిపోతా ఉండాది, సూడు,” అని గేరు పట్టుకున్న మగపిల్లలను కసిరేది. తను ఆడకుండా పరీక్షలదాకా వాళ్ళను ఆడించింది. చూస్తుంటే ముచ్చటేసేది, ఒళ్ళూ మండేది.

వేసవిలో ఫలితాలు వచ్చాయి. తండ్రీకూతుళ్ళు బడికి వస్తే, ఇంగ్లీషులో మంచి మార్కులొచ్చాయని నేనే ఎదురెళ్ళి చెప్పాను.

“లెక్కల్లో తప్పింది టీచర్. సోమారం నించి ఫ్యాక్టరీకి రమ్మన్నారు,” అన్నాడు ఆయన.

“ఇంకొక్క ఏడు చదివించప్పా,” అన్నాను. ఆయన దండం పెట్టి, నేల చూస్తూ నిలబడ్డాడు.

నా మొహం ఎట్లా అయిపోయిందో ఏమో, ఆ పిల్లే దగ్గరికి వచ్చింది.

“మీరు చెప్పిన ఇంగ్లీషు నాకు వచ్చింది గదా టీచర్,” అని నన్నే ఓదార్చింది.