నీళ్లకాగులో గుడ్డు

ఉడికిన కోడిగుడ్డు పెంకు ఒలుస్తుంటే వచ్చే ఆ వేడి వాసన ఈ ఐదో నెలలో కూడా నాకు సయించదు. డాక్టరమ్మ మాత్రం రోజుకొకటి తినాల్సిందేనంటుంది. కడుపు రాకముందే ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసిచ్చి, ఆకుకూరలూ పప్పులూ పాలూ అని పాఠం చెప్పిన మనిషి ఆవిడ. నేను బుద్ధిగా అన్నీ మింగుతాను. గుడ్డు దగ్గరకొచ్చేసరికి దాన్ని పళ్లెం అంచుకు నెట్టేస్తాను. అది వేవిళ్లు కాదని నాకొక్కదానికే తెలుసు.

నా చిన్నప్పుడు మద్రాసు తొండియార్‌పేటలో మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధి గది, నడిమి గది, వంటిల్లు, దాని వెనక రేకుల కప్పు స్నానాలగది, ఒకదాంట్లోంచే ఇంకోదాంట్లోకి దారి. ఎండాకాలం సెలవుల్లో హార్బరు లారీల దుమ్ము కిటికీ ఊచల మీద వేలెడు మందాన పేరుకుంటుంటే, అమ్మానాన్నలు పనికి పోయిన ఇంట్లో నేను మామిడికాయ ముక్కలకు ఉప్పుకారం అద్దుకు తింటూ, చింతపిక్కలతో నాతో నేనే వామనగుంటలు ఆడుకుంటూ, మధ్యమధ్య మోసం కూడా చేసుకుంటూ ఉండేదాన్ని. వంటింటి గడపలో మా అవ్వ, నాన్నకు అమ్మ, వక్కాకు నములుతూ కూర్చునేది. ఆమెను దాటకుండా ఆ ఇంట్లో చీమ కూడా అటూ ఇటూ పోలేదు.

ఆ ఏడు మా పిన్నికి, చిన్నాన్న భార్యకు, తొలిచూలు. బొప్పాయి వేడి, నువ్వులు వేడి, గుడ్డు మహా వేడి, చేప వాతం, అరటిపండు జలుబు. అవ్వ లెక్కలో ఏ దోషమూ లేనిది గాలి ఒక్కటే! బిడ్డ లోపల బలిస్తే కాన్పులో తల్లి బతకదని ఆమె నమ్మకం. పెద్ద కూతురు అట్లాగే పురిట్లో పోయిందట, అందుకే పిన్నికి పూటకు రెండు గరిటెల అన్నం, చారు. అవ్వ చెడ్డదేమీ కాదు. ఆ రెండు గరిటెలూ తన చేత్తోనే నెయ్యిబొట్టు వేసి కలిపి పెట్టేది, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ.

ఏడో నెలలో సీమంతం చేశారు. గాజులు వేసి పిన్ని ముందు పులిహోర, కొబ్బరన్నం, నిమ్మకాయన్నం, పెరుగన్నం గిన్నెలు వరసగా పెట్టారు. వీధి వీధంతా తిన్నది, నేనైతే పొట్ట పగిలేట్టు తిన్నాను. పిన్నికి ఒక్కోదాంట్లో ఒక్కో ముద్ద. చేయి కడుక్కునేముందు ఆమె వేళ్లు నాకడం నేను చూశాను.

మర్నాటి నుంచి మా ఇద్దరికీ ఒక రహస్యం. వీధి చివరి కొట్లో గుడ్డు కొని గౌను జేబులో దాచుకొచ్చేదాన్ని. పిన్ని దాన్ని స్నానాలగదిలో పొయ్యి మీద కాగే నీళ్లకాగులో వేసేది. లోపల గడియ పెట్టుకుని తినేది, ఆ ఇంట్లో గడియ ఉన్న గది అదొక్కటే మరి. పెంకులు పొయ్యి బూడిదలోకి పోయేవి.

"ఎవురన్నా వస్తా ఉండారా మే?" అని లోపలి నుంచి అడిగేది.

"ఎవురూ లేరు పిన్నీ, నువ్వు తిను," అనేదాన్ని బయట కాపలా కాస్తూ.

ఒకరోజు అవ్వ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "బిడ్డ పెద్దదైతే మీ పిన్ని మనకు దక్కదు పాపా. నీళ్లకాడ అంతసేపు ఏం జేస్తా ఉండాది?" అంది. ఎనిమిదేళ్ల దాన్ని. పిన్ని చచ్చిపోతుందని ఏడ్చేశాను. చెప్పేశాను.

ఆ సాయంత్రమే అవ్వ స్నానాలగది గడియ ఊడదీయించింది.

కాన్పు సులువుగానే అయింది. "చూస్తిరా?" అంటూ అవ్వ వీధంతా చక్కెర పంచింది. దోసిట్లో పట్టేంత ఆడపిల్ల. పాలు లాగే బలం కూడా లేని ఆ బిడ్డ పదకొండో రోజున పోయింది. పిన్నికి మళ్లీ కడుపు పండలేదు. బిడ్డ దేనివల్ల పోయిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నాకు మాత్రం ఆ ఊడిన గడియే కనబడుతూ ఉంటుంది, ఇప్పటికీ, కన్ను మూస్తే చాలు.

ఇప్పుడు అవ్వ లేదు. ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు కట్టేశారు. నీళ్లకాగు ఏ పాతసామాన్ల వాడి బండెక్కిందో తెలియదు. మిగిలింది పిన్ని. రోజూ బస్సెక్కి మా ఫ్లాటుకు మునగాకు వేపుడూ ఉడికిన గుడ్డూ పట్టుకొస్తుంది, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. ఏ ముఖం పెట్టుకుని తినను? ఇవాళ తట్టుకోలేక ఏడుస్తూ చెప్పేశాను, ఆ రోజు అవ్వకు చెప్పింది నేనేనని.

"తెలుసుమే. తలుపవతల నుంచి అంతా విన్నా," అంది పిన్ని గుడ్డు ఒలుస్తూనే. "నేను చచ్చిపోతానని నువ్వు ఏడస్తా ఉంటివి. అది కూడా విన్నా."

గుడ్డు నా చేతిలో పెట్టి లేచి, వీధి తలుపు దగ్గరకు పోయి, నాకు వీపు పెట్టి నిలబడింది.

"ఎవురూ లేరు. నువ్వు తిను."