ఇస్త్రీ చేసిన గీత

గేర్‌బాక్సులు పరీక్షించే ఆ షెడ్డులో అందరూ ఆయన్ని ఇస్త్రీ సారు అనేవారు. చొక్కా మడత నలగనివ్వడని ఒక కారణం. అసలు కారణం వేరు. కంప్యూటర్ తెర మీద టార్క్ గీత కాస్త వణికినా ఆయన ప్రాణం విలవిల్లాడిపోయేది.

టార్క్ అంటే ఇరుసును మెలితిప్పే బలం. మోటారుకూ గేర్‌బాక్సుకూ మధ్య బిగించిన సెన్సార్ దాన్ని కొలుస్తుంది. పక్కనున్న మీటర్ ఆ కొలతను వోల్టులుగా మార్చి తీగలో పంపుతుంది. ఎంత బలానికి ఎన్ని వోల్టులు, ఫిల్టర్ ఎంత అన్నది మీటర్ బటన్లతో సెట్ చెయ్యాలి. ఆ బటన్లు నొక్కే అధికారం ఇస్త్రీ సారు ఒక్కడిదే. గొంతు సవరించుకుని, చూసేవాళ్లున్నారో లేదో చూసుకుని మరీ నొక్కేవాడు.

ఫిల్టర్ పెంచితే కొలతలన్నీ సగటుకొచ్చి గీత నున్నగా సాగిపోతుంది. కొనుగోలుదార్లు వచ్చినప్పుడల్లా సారు దాన్ని బాగా పెంచేసేవాడు. "ఎంత నిలకడగా నడుస్తోందండీ!" అని వాళ్లు ముచ్చటపడితే, ఆ గేర్‌బాక్సును తనే కన్నట్టు పొంగిపోయేవాడు. వాళ్లు వెళ్లగానే మళ్లీ తగ్గించాలి. ఎందుకంటే అవే వోల్టులు మోటారును ఆపే రక్షణ రిలేకి కూడా వెళ్తాయి. గేర్లు పట్టేసి బలం ఒక్కసారిగా ఎగిస్తే, రిలే రెప్పపాటులో మోటారు ఆపాలి. గీత నున్నగా ఉంటే పాపం రిలేకీ అంతా నున్నగానే కనబడుతుంది. ఈ సంగతి సారుకు తెలియదనుకుంటే పొరపాటు. ఆయనకు బాగా తెలుసు.

ఆ యంత్రం నడిపేది ఆయన బామ్మరిది. ఆ ఉద్యోగం తనే వేయించానని సారు ఇంట్లో అందరికీ తెగ గుర్తుచేస్తుండేవాడు.

ఆ రోజు కొనుగోలుదార్లు వెళ్లాక మేనేజర్ ఆగి, "ఈ గ్రాఫులు చూస్తుంటే కొత్త ల్యాబ్ మీకే అప్పగించాలనిపిస్తోంది" అన్నాడు. అంతే, సారు కాళ్లు నేల మీద నిలవలేదు. మధ్యాహ్నం గ్రాఫు కూడా మేనేజర్ చూస్తాడేమోనన్న ఆశతో ఫిల్టర్ జోలికే పోలేదు.

"బావా, ఫిల్టర్ తగ్గించావా? మోటారు వేసేయనా?" అని బామ్మరిది అడిగాడు.

"నాకు చెప్పేంతవాడివయ్యావా? తగ్గించాన్లే, వెయ్యి."

కాసేపటికి గేర్లు పట్టేశాయి. మోటారు ఆగలేదు. ఇరుసుల్ని కలిపే కప్లింగ్ పగిలి, ఒక ముక్క కవచం సందులోంచి దూసుకొచ్చి బామ్మరిది మణికట్టు విరగ్గొట్టింది. సారు ముందు మెయిన్ స్విచ్ ఆపాడు. తర్వాత మీటర్ దగ్గరికి పరుగెత్తి ఫిల్టర్ తగ్గించాడు. ఆ తర్వాతే వెళ్లి బామ్మరిదిని లేపాడు. మనిషి ఏపాటివాడో చెప్పడానికి ఆ వరుస చాలు.

మేనేజర్ గ్రాఫు చూశాడు. చిన్న ఉబ్బు తప్ప అందులో ఏమీ లేదు.

"భారమేమీ ఎక్కువ పడలేదే! మీ బామ్మరిదే కప్లింగ్ సరిగ్గా బిగించలేదేమో. ఏమంటారు?"

సారు నేలచూపులు చూశాడు. "గ్రాఫులో ఉన్నదే కదా సార్" అన్నాడు.

అజాగ్రత్త కింద బామ్మరిది ఉద్యోగం ఊడింది. కొత్త ల్యాబ్ సారు చేతికొచ్చింది.

ఆసుపత్రిలో సారు భార్య తమ్ముడి మంచం పక్కన కూర్చుని కళ్లొత్తుకుంటోంది.

"ఏమండీ, వీడు కప్లింగ్ బిగించకుండా మోటారు వేశాడంటే నేను నమ్మను. మీరు అక్కడే ఉన్నారుగా, అసలేం జరిగింది?"

సారు మంచం మీది దుప్పటి ముడతలు సరిచేయసాగాడు. బామ్మరిది కట్టు కట్టిన చేతిని పొట్ట మీదికి లాక్కుని ఆయన ముఖంలోకి చూశాడు. ఆ చూపులో అంతా తెలిసిపోయిన సంగతి కనబడింది.

"బావనెందుకు అడుగుతావక్కా? పొరపాటు నాదే. వదిలెయ్" అన్నాడు.

సారు గుండె కలుక్కుమంది. అది మాత్రం ఒప్పుకోవాలి. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. లేచి బామ్మరిది భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా, ఇకముందైనా పని దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండు" అన్నాడు.