గుమ్మడికాయలు మోసిన భుజం

మనిషి మేకగా మారిన సంఘటన మా మేడ్చల్ చుట్టుపక్కల ఒకే ఒక్కసారి జరిగింది. ఆ మేకను నేనే. కొమ్ములు మొలవలేదు గానీ, ఉన్న కాస్త పరువూ మేసేశాను.

ఎనిమిదో తరగతిలో నేనూ బడీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. అయినా ప్రేమ చావక, రోజూ దాని గేటు దాకా వెళ్లే పని పట్టుకున్నాను. బడిపిల్లల ఆటో అన్నమాట. శామీర్‌పేట దారిలోని కొత్త కాలనీ నుంచి మేడ్చల్‌లోని బడికి ఆరుగురు పిల్లలు. అందులో ఒకతి నా కూతురు శ్రావణి, అప్పుడు మూడో తరగతి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకు వినేవాళ్లు ఆరుగురు, పైగా నడిచే ఆటోలోంచి దూకి పారిపోలేరు. ఇంతకన్నా అదృష్టం ఏ ఉపన్యాసకుడికి ఉంటుంది?

కొన్నేళ్ల కిందట, ఎండాకాలం మొదట్లో, కాలనీ మూలింట్లోకి కోనసీమ నుంచి ఒక కుటుంబం దిగింది. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకు పోతారు. ఇంట్లో ఉండేది పెద్దావిడ కామేశ్వరమ్మగారు, మనవరాలు హాసిని. దిగిన వారానికే పెద్దావిడ మేడ్చల్ మార్కెట్లో నా ఆటో ఎక్కింది. వెంట పది బూడిద గుమ్మడికాయలు.

"పగలకూడదు బాబూ. ఒక్కొక్కటే భుజాన పెట్టుకుని దింపు" అంది ఇంటి ముందు.

దింపాను. చొక్కా భుజమంతా తెల్లగా బూడిదైంది, బుర్రలో మాత్రం చీకటి పడింది. ఎందుకంటే మా ఇంట్లో ఆ కాయకు ఒకటే ఉద్యోగం. గుమ్మానికి వేలాడి దిష్టి కాయడం, కుళ్లాక నాలుగు బాటల కాడ పగిలిపోవడం. దాన్ని తినడమా? కాపలావాణ్ని కూర వండుకున్నట్టు ఉంటుంది! లెక్కలు రాకే బడి మానేసినవాణ్ని, ఈ లెక్క మాత్రం చటుక్కున వచ్చింది. గుమ్మం ఒకటి, కాయలు పది. మిగతా తొమ్మిదీ ఎవరి మీదికి?

రెండు రోజుల తర్వాత, ఆమె ఆటోలో మరిచిపోయిన సంచి ఇద్దామని వాళ్ల డాబా ఎక్కాను. అక్కడ పెద్ద రుబ్బురోటి పొత్రం కింద నలుగుతున్న తెల్లగుడ్డ మూట. దాంట్లోంచి పచ్చగా పసుపునీళ్లు కారుతున్నాయి. పక్కన పాత చీర పరిచి, దాని మీద వరుసలు వరుసలుగా తెల్లటి ముద్దలు. "ఇవేంటమ్మా?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అడిగితే కథ చచ్చిపోతుంది కదండీ! సంచి అక్కడ పడేసి, తొందరలో ఒక చెప్పు కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

బడులు తెరిచిన రోజు ఆటోలో మొదలుపెట్టాను.

"రేపటి సంది మూలింటి పిల్ల మనతోని వస్తది. జర పైలం!"

"ఎందుకన్నా?" అన్నాడు రెండో తరగతి వరుణ్.

"గా అవ్వ మామూలు అవ్వ గాదురా. దిష్టి గుమ్మడికాయలు కోసి, రాయి కింద వెట్టి రక్తం పిండుతది. పచ్చటి రక్తం!"

"బాపూ, నువ్వు జూసినవా?" అంది శ్రావణి.

"గీ రెండు కండ్లతోని జూసిన బిడ్డా. మనుషులను మేకలు జేసే ముద్దలు డాబా నిండ ఆరవెట్టింది. గా ఇంట్ల తిన్నోళ్లు, మే... అనుడే!"

కిటికీ పక్క సీటు కోసం రోజూ కొట్టుకునే పిల్లలు ఆరోజు బడి దాకా కిక్కురుమనలేదు. దాన్ని నేను నా మీద గౌరవం అనుకున్నాను.

మర్నాడు హాసిని ఎక్కింది. ఆరుగురూ ఒకే పక్కకు నక్కారు, ఆటో కూడా ఆ పక్కకే వంగింది. ఎవరో "మే..." అన్నారు. ఎవరో ఏంటి, నా కూతురే. "ఇంకొంచెం సాగదీయాలి బిడ్డా" అని సలహా ఇవ్వనందుకు నన్ను మెచ్చుకోండి. నవ్వడం మాత్రం నవ్వాను.

నాలుగో రోజు సాయంత్రం కామేశ్వరమ్మగారు వాళ్ల ఇంటి గేటు దగ్గరే ఆటో ఆపింది. హాసిని చేతిలోని డబ్బా తీసుకుని మూత తీసింది. పొద్దున పెట్టిన పెరుగన్నం పెట్టినట్టే ఉంది, పక్కన రెండు వడియాలు.

"చూడు బాబూ, నాలుగు రోజుల నుంచి ఇంతే. మూత తీస్తే పిల్లలంతా మేక, మేక అని అరుస్తున్నారట. పొద్దున నన్నే అడిగింది, 'నానమ్మా, నువ్వు మంత్రగత్తెవా?' అని. రేపటి నుంచి బడికి వెళ్లనంటోంది. రోజూ వీళ్లతో ఉంటావు కదా, ఎవరు మొదలుపెట్టారో కాస్త కనుక్కోవూ?"

హాసిని తన బూట్ల వైపే చూస్తోంది. ఆ చిన్న డబ్బా నాకు పది గుమ్మడికాయల కన్నా బరువుగా కనిపించింది. బుద్ధున్నవాడు అక్కడ నిజం ఒప్పుకుంటాడు. నేను అబద్ధం మీద ఇంకో అంతస్తు లేపాను.

"గంత మాటన్నదెవడమ్మా? దొరకనీయ్, తాట తీస్త!" అని పిల్లల వైపు తిరిగాను. "ఏమ్రా! పెద్దోళ్లంటే మర్యాద లేదా? ఎవడో ఏదో అంటే నమ్ముడేనా? జెప్పుండ్రి, ఎవడు జెప్పిండు మీకు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. నాకా శ్రమ కూడా లేకుండా పోయింది. ఆరు వేళ్లు తిన్నగా నా భుజం మీదికే లేచాయి.

"నువ్వే గద బాపూ జెప్పినవ్?" అంది శ్రావణి. "నీ తాట నువ్వెట్ల తీస్కుంటవ్?"

కామేశ్వరమ్మగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు డాబా మీద చూసినవి గుమ్మడి వడియాలయ్యా. ముక్కలకు ఉప్పూ పసుపూ వేసి బరువు పెడితే నీరు దిగుతుంది, మర్నాడు పిండిలో కలిపి పెట్టుకుంటాం. కాయలు జాగ్రత్తగా దింపావని మీ ఆవిడకు ఒక డబ్బా ఇచ్చాను కదా. బాగాలేవా?"

ఎండాకాలమంతా మా ఆవిడ స్వరూప పప్పులోకి కరకరలాడేవి ఏవో వేయించి పెట్టింది. ఎక్కడివంటే "ఎవరో ఇచ్చిండ్రు, తిను" అంది. ఆఖరి వడియం కోసం కన్నకూతురితో కుస్తీ పట్టి మరీ గెలిచిన ఘనుణ్ని నేను.

శ్రావణికి సంగతి అర్థమై రెండు చేతులతో తల తడుముకుంది. తర్వాత నా తలా తడిమింది. "కొమ్ములైతే లేవు" అని మిగతా ఐదుగురికీ ప్రకటించింది.

ఇక అంతస్తులు లేపడానికి పునాదే లేదు. హాసిని ముందు గొంతుక్కూర్చున్నాను.

"తప్పయింది బిడ్డా. మీ నానమ్మ మంచిది. నేనే అడగకుండ కూసిన, గీ పోరగాండ్లతోని కూడ కూయించిన."

హాసిని నానమ్మ చేతిలోని డబ్బాలోంచి ఒక వడియం తీసి ఇచ్చింది.

"తినండి."

తిన్నాను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

"ఇప్పుడు అరవండి."

నడిరోడ్డు మీద, వచ్చే పోయే బండ్లన్నీ చూస్తుండగా, "మే..." అన్నాను. బాగా సాగదీసి మరీ. హాసిని పకపకా నవ్వింది. మర్నాడు డబ్బా ఖాళీగా ఇల్లు చేరింది. సగం తిన్నది శ్రావణి.

అందుచేత, బూడిద గుమ్మడికాయ సాక్షిగా నా ప్రమాణం: ఏ ఇంటి గురించైనా సరే, ఆ ఇంట్లో కూర్చుని అన్నం తినేదాకా ఒక్క ముక్క మాట్లాడను. ఈ సంగతి తెలిశాక కాలనీలో నన్ను భోజనానికి పిలవని ఇల్లు లేదు. కాకపోతే గేటులోంచి "మేకన్నా, ఆకు వేశాం, రా!" అంటారు, అంతే.