పైలట్ బావ చెప్పిన గంటా పది నిమిషాలు

ట్రావెల్స్ ఆఫీసులో టిక్కెట్లు బుక్ చేసే గుమాస్తాని వీధిలో అందరూ పైలట్ బావ అనేవారు. వరసకి ఎవరికీ బావ కాడు, అతని కోతలకి దక్కిన బిరుదది. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో, విమానంలో ఎంతసేపో అడిగితే చాలు, కంప్యూటర్ వైపు చూడకుండానే చెప్పేవాడు. "రోడ్డయితే మలుపులు తిరగాలండీ. పైన అడ్డేముంది? గీత గీసినట్టు పోవడమే!" అనేవాడు. భయపడేవాళ్ళు ఎదురైతే, "మబ్బుల్లో కాస్త కుదుపులొస్తాయి, నేనైతే అప్పుడే కునుకు తీస్తా" అని కూడా కలిపేవాడు. నిజానికి అతను జన్మలో విమానం ఎక్కలేదు. ఆ సంగతి చెప్పే సందర్భం రాలేదంతే, అని తనకి తానే సర్దిచెప్పుకునేవాడు.

ఒకరోజు, దూరంగా వేరే నగరంలో ఉంటున్న అతని అక్కకి మర్నాడే ఆపరేషనని కబురొచ్చింది. రైలెక్కితే అందుకోలేరు. వెంట రావాల్సిన చెల్లెలికేమో ఫ్యాను తుడవడానికి స్టూలెక్కినా కాళ్ళు వణుకుతాయి.

"ఎంతసేపు పడుతుంది అన్నయ్యా?"

"రోడ్డు మీద తొమ్మిదొందల కిలోమీటర్లు, గాల్లో ఏడొందలే. గంటా పది నిమిషాలు. నిమిషం ఎక్కువైతే నన్నడుగు."

"నువ్వు పక్కనుంటావుగా, వస్తాలే" అంది.

విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలో పక్క సీటాయన్ని దొంగచూపులు చూసి నేర్చుకున్నాడు. అంతవరకు పరువు దక్కింది. చెల్లెలు చేతి గడియారం మీంచి చూపు తిప్పలేదు. అతను చెప్పిన టైమైపోయింది. కింద ఊరు కనిపిస్తోంది గానీ విమానం దిగడం లేదు. ఒక పక్కకి ఒరిగి తిరిగింది. ఇందాక చూసిన స్టేడియమే మళ్ళీ కిటికీలోకి వచ్చింది.

"ఎందుకన్నయ్యా తిరుగుతోంది?"

దిగడానికి వంతు కోసం విమానాలు పైనే తిరుగుతుంటాయని అతనికి తెలియదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని, "ఏమైందమ్మా? చక్రాలు రావట్లేదా? దాచకుండా చెప్పండి!" అని ఎయిర్ హోస్టెస్ మీద అరిచాడు. గొంతు కీచుమంది. ముందు వరసల్లోవాళ్ళంతా వెనక్కి తిరిగారు.

"కింద రద్దీగా ఉంది సార్, వంతు రాగానే దిగుతాం" అందామె.

పక్క సీటాయన నవ్వాపుకుంటూ, "మొదటిసారా?" అన్నాడు.

పైలట్ బావ పెట్టుకున్న బెల్టునే మళ్ళీ సర్దుకున్నాడు. చెల్లెలు అతని ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళ బడాయి ఆమెకి తెలిసిపోయింది. అతనికి తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం, "నాకేనండీ మొదటిసారి. నేను గాభరా పడుతుంటే అన్నయ్య అడిగాడు" అంది. చెమట పట్టిన అతని చెయ్యి వదలకుండానే, కిటికీకి ముఖం ఆనించి ఊరంతా తీరిగ్గా చూసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. "పిరికిదానా, ఎలా వచ్చావే?" అని అక్క మంచం మీంచి ఆటపట్టిస్తే, "అన్నయ్య పక్కనుంటే భయమేంటి?" అంది చెల్లెలు. ఆ మాట కన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు గానీ ముఖం చెల్లలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆసుపత్రి మెట్ల మీద టీ తాగుతూ ఆమే కదిపింది.

"అన్నయ్యా, వెళ్ళేటప్పుడు రైల్లో పోదామా? నాకింకా విమానమంటే భయంగానే ఉంది."

ఆ భయం ఆమెది కాదని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకీ తెలుసు. ఇప్పుడైనా ఒప్పుకుంటే పోయేదేముంది? వినేది తోడబుట్టిన చెల్లెలే. సిగ్గుతో చెవులు మండుతుంటే తలొంచుకుని కప్పులోకి చూస్తూ అన్నాడు.

"సరేలే, నీకంత భయమైతే రైల్లోనే పోదాం."